చెరసాల వాకిట నిలిచిన ఆన్ జడ్సన్

జైల్లో ఉన్న మనిషిని పలకరించడం కన్నా ముందు, ఆ మనిషిని ఏ జైల్లో పెట్టారో తెలుసుకోవడమే చాలా కుటుంబాలకు పెద్ద పని. పోలీసు స్టేషను నుంచి కోర్టుకు, కోర్టు నుంచి సబ్‌జైలుకు, అక్కడి నుంచి జిల్లా జైలుకు మనిషి మారిపోతూ ఉంటాడు. ఉతికిన బట్టల సంచి పట్టుకుని తల్లో, భార్యో వెనకాలే తిరుగుతూ ఉంటుంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లా జైళ్ల ముందు, ఆసిఫాబాద్, లక్సెట్టిపేట సబ్‌జైళ్ల ముందు ములాఖత్ కోసం నిలబడేవారిలో ఎక్కువమంది ఇలాంటి పేదలే. 2021 జూన్‌లో వరంగల్ కేంద్ర కారాగారాన్ని ఖాళీ చేసి, అక్కడి ఖైదీలను రాష్ట్రంలోని ఇతర జైళ్లకు తరలించారు. అన్నాళ్లూ ఒకే దారి తెలిసిన కుటుంబాలు అప్పుడు కొత్త దారులు అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

ఈ వెదుకులాట బైబిలుకు కొత్త కాదు. అపొస్తలుడైన పౌలు రోమాలో సంకెళ్లతో ఉన్నప్పుడు ఆసియలోని చాలామంది ఆయనకు దూరమయ్యారు. ఒనేసిఫోరు అనే విశ్వాసి మాత్రం ఆ మహానగరంలో ఆయన కోసం పట్టుదలగా వెదికి, ఆచూకీ తీసి, దగ్గరకు వెళ్లాడు. పౌలు సంకెళ్లను చూసి అతడు సిగ్గుపడలేదు. తిమోతికి రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు అతని పేరును కృతజ్ఞతతో తలచుకున్నాడు. ఒనేసిఫోరు గొప్ప ప్రసంగాలు చేశాడని గానీ, సంఘాలు కట్టాడని గానీ అక్కడ రాసిలేదు. వెదికాడు, కనుగొన్నాడు, సేదదీర్చాడు. లేఖనంలో శాశ్వతంగా నిలిచిపోవడానికి ఆ మూడు పనులే సరిపోయాయి.

సుమారు 200 సంవత్సరాల క్రితం బర్మా దేశంలో ఒక స్త్రీ ఇదే పని చేసింది. ఆమె పేరు ఆన్ జడ్సన్. బైబిలును బర్మా భాషలోకి అనువదించిన అదోనిరామ్ జడ్సన్ పేరు మన సంఘాల్లో చాలామంది విన్నదే. ఆ అనువాదకుడు ప్రాణాలతో మిగలడానికి, చెరసాల వాకిలి దగ్గర ఆయన భార్య గడిపిన 17 నెలలే కారణమన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు.

బ్రాడ్‌ఫర్డ్ నుంచి రంగం దాకా

ఆన్ హాసెల్టైన్ 1789 డిసెంబరు 22న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బ్రాడ్‌ఫర్డ్ అనే ఊరిలో పుట్టింది. ఇంట్లో నాన్సీ అని పిలిచేవారు. చిన్నప్పటి నుంచి హుషారైన పిల్ల. విందులు, వినోదాలు, స్నేహితులే లోకంగా పెరిగింది. పదహారేళ్ల వయసులో ఆ ఊరి పాఠశాలలో కలిగిన ఆత్మీయ ఉజ్జీవం ఆమె జీవితాన్ని మార్చివేసింది. ఆ తర్వాత కొన్నాళ్లు బడిపంతులమ్మగా పనిచేసింది.

1812 ఫిబ్రవరి 5న ఆమె అదోనిరామ్ జడ్సన్‌ను పెళ్లి చేసుకుంది. రెండు వారాలకే, ఫిబ్రవరి 19న, ఇద్దరూ సేలం రేవులో ఓడ ఎక్కారు. అమెరికా నుంచి విదేశాలకు మిషనరీలుగా బయలుదేరిన మొట్టమొదటి బృందంలో వారున్నారు. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. జూన్‌లో కలకత్తా చేరారు. అక్కడే ఇద్దరూ బాప్తిస్మం పొంది బాప్టిస్టు విశ్వాసులయ్యారు. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం మాత్రం వారిని దేశంలో ఉండనివ్వలేదు. మారిషస్ వెళ్లి, అక్కడి నుంచి మద్రాసు వచ్చారు. మళ్లీ కంపెనీ అధికారుల చేతికి చిక్కకముందే మద్రాసు రేవులో దొరికిన ఓడ ఎక్కి 1813 జులై 13న రంగూన్ చేరారు. మన పెద్దలు రంగం అని పిలిచిన ఊరు అదే. ఆ ప్రయాణంలో వారి మొదటి బిడ్డ ఓడలోనే చనిపోయి పుట్టింది.

తెలుగు క్రైస్తవులకు ఈ దంపతులతో ఒక చుట్టరికం ఉంది. జడ్సన్ దంపతులను పోషించడం కోసమే అమెరికాలోని బాప్టిస్టు సంఘాలన్నీ 1814లో ఫిలడెల్ఫియాలో కూడి ఒక మిషనరీ సొసైటీని ఏర్పరచుకున్నాయి. అదే సొసైటీ 1835లో శామ్యూల్ డే అనే మిషనరీని తెలుగువారి కోసం పంపింది. 1840లో ఆయన నెల్లూరులో స్థిరపడ్డాడు. ఆ తర్వాతి కాలంలో ఒంగోలు, హనుమకొండ దాకా విస్తరించిన బాప్టిస్టు పరిచర్యకు వేరు అక్కడుంది.

రంగూన్‌లో ఆన్ బర్మా భాషను పట్టుదలగా నేర్చుకుంది. ఇంటిపనుల వల్ల రోజూ బజారువారితో, పనివారితో మాట్లాడవలసి రావడంతో వాడుక మాటల్లో భర్త కన్నా ముందుకు వెళ్లింది. రంగూన్‌లో ఉన్న సయాం దేశస్థుల కోసం వారి భాష కూడా నేర్చుకుని మత్తయి సువార్తను అనువదించింది. 1815లో పుట్టిన కొడుకు రోజర్ ఎనిమిది నెలలకే జ్వరంతో చనిపోయాడు. ఆరేళ్ల ఎదురుచూపుల తర్వాత 1819 జూన్‌లో మాంగ్ నా అనే మొదటి బర్మా విశ్వాసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆరోగ్యం దెబ్బతిని 1821లో ఆన్ చికిత్స కోసం బయలుదేరి, ఇంగ్లండు మీదుగా అమెరికా చేరింది. అక్కడే ఉండిపొమ్మని ఎందరు చెప్పినా 1823లో తిరిగి ఓడ ఎక్కి, డిసెంబరు నాటికి రంగూన్‌లో దిగింది. వెంటనే దంపతులిద్దరూ రాజధాని ఆవాకు వెళ్లారు. 1824 జనవరి చివర్లో అక్కడ చిన్న ఇల్లు కట్టుకుని, ఇద్దరు బర్మా బాలికలను చేరదీసి చదువు చెప్పడం మొదలుపెట్టారు.

భోజనం వేళ వచ్చిన అధికారి

ఆ ఏడాదే ఇంగ్లీషువారికి, బర్మా రాజుకు యుద్ధం మొదలైంది. మే నెలలో ఇంగ్లీషు సైన్యం రంగూన్‌ను పట్టుకుంది. ఆవాలో ఉన్న తెల్లవారందరూ గూఢచారులేనన్న అనుమానం పుట్టింది. జడ్సన్ అమెరికా వాడు, ఇంగ్లీషువాడు కాదు. అయితే ఆయనకు రావలసిన డబ్బు ఆవాలోని గౌజర్ అనే ఇంగ్లీషు వర్తకుడి ద్వారా అందేది. ఆ వర్తకుడి లెక్కల పుస్తకంలో జడ్సన్ పేరు కనబడింది. అధికారులకు ఆ సాక్ష్యం చాలు.

1824 జూన్ 8న భోజనానికి కూర్చునే వేళ ఒక అధికారి డజను మంది మనుషులతో వచ్చాడు. వారిలో ఒకడి ముఖం మీద పచ్చబొట్టు మచ్చలున్నాయి. ఒకప్పుడు నేరం చేసి, ప్రాణభిక్ష పొంది తలారిగా మారినవారికి అవి గుర్తు. వాడు జడ్సన్‌ను నేల మీద పడేసి సన్నని తాడుతో చేతులు విరిచి కట్టాడు. తాడు వదులు చేయమని ఆన్ డబ్బు ఇవ్వజూపినా వినలేదు. భర్తను ఈడ్చుకుపోయాక ఆమె చేసిన మొదటి పని, ఇంట్లో ఉన్న ఉత్తరాలు, దినచర్య పుస్తకాలు కాల్చివేయడం. ఇంగ్లండు నుంచి వచ్చిన ప్రతి కాగితం భర్త ప్రాణానికి ముప్పు తెచ్చేలా ఉంది.

జడ్సన్‌ను పెట్టిన చోటు మరణశిక్షకు ఎదురుచూసేవారిని ఉంచే చెరసాల. కాళ్లకు మూడు జతల ఇనుప సంకెళ్లు వేశారు. ఆన్ ఇంటి చుట్టూ కాపలా పెట్టారు. బయటకు కదలనివ్వలేదు. మూడో రోజు ఆమె నగర గవర్నరుకు కబురు పంపింది. కానుక పట్టుకుని ఆయన ఎదుటికి వెళ్లే అనుమతి సంపాదించింది. ఆయన కింది అధికారి దగ్గరకు పంపాడు. ఆ అధికారి డబ్బు, బట్టలు లంచంగా అడిగాడు. డబ్బు ఇచ్చి, జైలు లోపలికి వెళ్లేందుకు గవర్నరు ఉత్తర్వు తీసుకుని ఆమె జైలు వాకిలికి వెళ్లింది. సంకెళ్లతో నడవలేక జడ్సన్ పాకుతూ తలుపు దగ్గరకు వచ్చాడు. రెండు మాటలు మాట్లాడారో లేదో, జైలు మనుషులు ఆమెను గెంటివేశారు. చేతిలో ఉత్తర్వు ఉన్నా లాభం లేకపోయింది. అయినా ఆ సాయంత్రమే ఖైదీలైన తెల్లవారిని చీకటి గదిలో నుంచి ఆవరణలోని పాకలోకి మార్చారు. ఆమె అన్నం, పడుకోవడానికి చాపలు పంపగలిగింది.

అప్పటి నుంచి అది ఆమె దినచర్య అయింది. ఏడు నెలలపాటు దాదాపు ప్రతిరోజూ ఎవరో ఒక అధికారి ఇంటికి, లేదా రాజబంధువు ఇంటికి వెళ్లి విడుదల కోసం మొరపెట్టుకుంది. రాణిగారి సోదరుడి భార్యను బతిమాలింది. ఫలితం లేకపోయింది. బర్మా స్త్రీల వస్త్రధారణకు మారింది. రెండు మైళ్ల దూరం నడిచి జైలుకు వెళ్లి, కొన్నిసార్లు చీకటి పడ్డాకే లోపలికి అనుమతి దొరికి, రాత్రి తొమ్మిది గంటలకు ఒంటరిగా ఇల్లు చేరేది. ఒకరోజు భర్తకు తమ ఊరి వంట రుచి చూపించాలని దున్నపోతు మాంసం, అరటికాయలతో ఏదో ఒకలా ఆ పిండివంట చేసి పంపింది. దాన్ని చూడగానే జడ్సన్‌కు పుట్టినిల్లు గుర్తుకొచ్చి తల వంచుకుని ఏడ్చాడు. ముద్ద దిగక, పక్కనున్న తోటి ఖైదీకి ఇచ్చేశాడు.

మరో చిక్కు ఉంది. జడ్సన్ పదేళ్లు శ్రమించి చేసిన కొత్త నిబంధన అనువాదం చేతిరాత ప్రతి ఒక్కటే ఉంది. ఆన్ మొదట దాన్ని ఇంటి నేలలో పాతిపెట్టింది. వానలకు తడిసి పాడవుతుందని తీసి, దిండులో పెట్టి కుట్టింది. ఎవరికీ ఆశ పుట్టకుండా ఆ దిండును గట్టిగా, అందవికారంగా చేసి భర్తకు ఇచ్చింది. దేవుని వాక్యం తల కింద పెట్టుకుని ఆయన జైలులో పడుకున్నాడు.

1825 జనవరి 26న ఆమెకు ఆడపిల్ల పుట్టింది. మరియా అని పేరు పెట్టారు. ఎండలు ముదిరే కాలంలో ఖైదీలను కిటికీలు లేని లోపలి గదిలోకి తోసి, ఐదేసి జతల సంకెళ్లు వేశారు. వందమందికి పైగా ఆ ఒక్క గదిలో ఉన్నారు. ఆన్ పరుగున వెళ్లి ముసలి గవర్నరును నిలదీసింది. ఆ పెద్దాయన కంటతడి పెట్టుకున్నాడు. తెల్లవారిని రహస్యంగా చంపమని రాణి సోదరుడి నుంచి మూడుసార్లు ఆజ్ఞ వచ్చినా తాను చేయలేదని, ఇంతకు మించి సాయం చేయలేనని చెప్పుకున్నాడు. జడ్సన్‌కు జ్వరం వచ్చి ప్రాణం మీదికి వచ్చింది. ఆమె జైలు గేటుకు ఎదురుగా, గవర్నరు ఆవరణలో వెదురు గుడిసె వేసుకుంది. బతిమాలి బతిమాలి, భర్తను జైలు ఆవరణలోని చిన్న వెదురు పాకలోకి మార్పించింది.

జాడ లేని రోజు

పాకలోకి మారిన రెండు మూడు రోజులకే, మే మొదట్లో, అసలు దెబ్బ తగిలింది. గవర్నరు ఆమెను పిలిపించి తన గడియారం గురించి ఏవో ప్రశ్నలు అడుగుతూ మాటల్లో పెట్టాడు. ఆమె తిరిగి వచ్చేసరికి పనివాడు పరుగెత్తుకుంటూ ఎదురొచ్చాడు. తెల్ల ఖైదీలందరినీ ఎక్కడికో తీసుకుపోయారన్న వార్త అతని ముఖంలోనే కనబడింది. ఆ సమయంలో ఆమె కళ్లెదుట జరగకూడదనే గవర్నరు ఆమెను పక్కకు పిలిచాడు.

ఆమె వీధుల వెంట పరుగెత్తింది. కనబడ్డ ప్రతివారినీ అడిగింది. ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి ఒక ముసలమ్మ మాత్రం చిన్న నది వైపు, అమరపుర దారిలో తీసుకుపోయారని చెప్పింది. అర మైలు దూరంలోని నది ఒడ్డుకు పరుగెత్తితే ఎవరూ కనబడలేదు. ఆ ముసలమ్మ పేరు ఎవరికీ తెలియదు. రాజభయంతో ఊరంతా మౌనంగా ఉన్నప్పుడు, ఏడుస్తున్న ఒక పరాయి స్త్రీకి దారి చెప్పిన పుణ్యం ఆమెదే. జైలు గేటు ముందు ఏ కిటికీ దగ్గరకు పోవాలో తెలియక నిలబడ్డ తల్లికి ఎవరైనా ఆమాత్రం సమాధానం చెబితే, అది చిన్న సేవ కాదు.

ఖైదీలను అమరపురకు తరలించారని గవర్నరు ఒప్పుకున్నాడు. భర్త కోసం ఇక చేయగలిగింది ఏమీ లేదని, తన సంగతి తాను చూసుకోమని సలహా ఇచ్చాడు. ఆన్ ఆ సలహా వినలేదు. మర్నాడే ప్రయాణ అనుమతి తీసుకుని, మూడు నెలల పసిబిడ్డను ఎత్తుకుని, ఇద్దరు బర్మా బాలికలను, బెంగాలీ వంటవాణ్ణి వెంటబెట్టుకుని పడవ ఎక్కింది. పడవ దిగి, దుమ్ము రేగే ఎండలో ఎడ్లబండి ఎక్కింది. అమరపుర కచేరీకి చేరేసరికి, ఖైదీలను రెండు గంటల క్రితమే మరో నాలుగు మైళ్ల అవతలున్న ఔంగ్‌బిన్‌లే అనే పల్లెకు తోలుకుపోయారని తెలిసింది. మళ్లీ బండి మాట్లాడుకుంది.

పొద్దుగూకే వేళకు ఆ పల్లె చేరితే, కప్పు ఊడిపోయిన పాత కట్టడం ఒకటి కనబడింది. అదే జైలు. దాని ముందు ఖైదీలు ఇద్దరిద్దరు చొప్పున గొలుసులతో కట్టబడి, సగం చచ్చిన మనుషుల్లా పడి ఉన్నారు. ముందురోజు మధ్యాహ్నపు ఎండలో, కాలుతున్న ఇసుక మీద, చెప్పులు లేకుండా వారిని నడిపించారు. జడ్సన్ పాదాల చర్మం ఊడిపోయింది. గుంపులోని ఒక గ్రీకు దేశస్థుడు ఆ నడకకే ప్రాణం విడిచాడు. గౌజర్ దగ్గర పనిచేసే బెంగాలీ సేవకుడు తన తలపాగాను రెండుగా చించి, సగం యజమాని కాళ్లకు, సగం జడ్సన్ కాళ్లకు కట్టుకోవడానికి ఇచ్చాడు. తర్వాత జడ్సన్‌కు భుజం ఆసరా ఇచ్చి మిగిలిన దూరం నడిపించాడు. అతడు క్రైస్తవుడు కాడు. గాయపడిన బాటసారి దగ్గర ఆగిన సమరయుడి ఉపమానం చదివేటప్పుడు ఈ తలపాగా కూడా మనకు గుర్తుండాలి.

ఔంగ్‌బిన్‌లేలో ఆరు నెలలు

ఆ రాత్రి తలదాచుకోవడానికి చోటు లేకపోతే, ఒక జైలు మనిషి తన ఇంట్లో ధాన్యం నిల్వచేసే గది చూపించాడు. సగం ధాన్యం, సగం దుమ్ము. ఆ గదిలోనే ఆన్ ఆరు నెలలు కాపురం చేసింది. మర్నాడే పెంపుడు పిల్లల్లో ఒకరికి మశూచి వచ్చింది. తర్వాత పసిబిడ్డ మరియాకూ అంటుకుంది. అప్పటి పద్ధతి ప్రకారం రెండో బాలికకు, జైలరు పిల్లలకు, ఊళ్లోని ఇతర పిల్లలకు ఆన్ తనే టీకా వేసింది. తన భర్తను గొలుసులతో కట్టినవారి పిల్లల ప్రాణాలు ఆమె కాపాడింది.

ఆ తర్వాత ఆమె మంచాన పడింది. ఆ పల్లెలో వైద్యుడూ లేడు, మందులూ లేవు. నిలబడే శక్తి లేకున్నా బండిలో ఆవాకు పోయి మందుల పెట్టె తెచ్చుకుంది. తిరిగి వచ్చి పడిపోతే, బెంగాలీ వంటవాడు ఆమె ఆకారం చూసి ఏడ్చాడట. తన కులాచారం, జీతం, ఆకలి ఏవీ చూసుకోకుండా అతడు ఆ కుటుంబానికి, ఖైదీకి అన్నం వండి మోసుకుపోయాడు. ఆన్‌కు పాలు ఎండిపోయాయి. పసిబిడ్డ ఆకలితో రాత్రంతా ఏడ్చేది. జైలు మనుషులకు ఏదో ఒకటి ఇచ్చి ఒప్పిస్తే, జడ్సన్‌ను రోజూ కాసేపు బయటకు వదిలేవారు. కాళ్లకు సంకెళ్లతోనే ఆ తండ్రి బిడ్డను ఎత్తుకుని, పాలిచ్చే తల్లులున్న ఇళ్ల ముందు నిలబడి బిడ్డ కోసం పాలు అడుక్కున్నాడు. ఆ పల్లె తల్లులు కాదనలేదు.

1825 నవంబరులో బర్మా ప్రభుత్వానికి ఇంగ్లీషువారితో సంధి మాటలకు దుబాసీ కావలసి వచ్చి, జడ్సన్‌ను అక్కడి నుంచి తీసుకుపోయారు. ఆన్ ఆవాలో జ్వరంతో స్పృహ తప్పి, బతుకుతుందన్న ఆశ లేని స్థితికి చేరి, మళ్లీ కోలుకుంది. 1826 ఫిబ్రవరి 21న దంపతులు ఆవా విడిచిపెట్టారు. 24న యాండబో సంధి కుదిరింది. ఖైదీలను ఆవా నుంచి తరలించిన రోజు ఆ దిండును పనికిరాని వస్తువని పారేస్తే, మాంగ్ ఇంగ్ అనే విశ్వాసి గురుతుగా తెచ్చి దాచుకున్నాడు. కొన్ని నెలల తర్వాత విప్పి చూస్తే కొత్త నిబంధన ప్రతి చెక్కుచెదరకుండా ఉంది.

సంధి తర్వాత ఇంగ్లీషు సేనాధిపతి శిబిరంలో విందు జరిగింది. బర్మా ప్రతినిధుల్లో ఒక ముసలి అధికారి ఆన్‌ను చూసి వణికిపోయాడు. ఒకప్పుడు ఆమె మైళ్ల దూరం నడిచి సాయం అడగడానికి వెళితే, మధ్యాహ్నం దాకా నిలబెట్టి, కాదని, చేతిలోని పట్టు గొడుగు కూడా లాక్కుని ఎండలో పంపిన మనిషి అతడే. ఇప్పుడు పగ తీర్చుకుంటుందని భయపడ్డాడు. ఆమె బర్మా భాషలో మెల్లగా మాట్లాడి, భయపడనక్కర లేదని ధైర్యం చెప్పింది.

ఆమె కథకు లోకం కోరుకునే ముగింపు లేదు. ఆ ఏడాది జులైలో కుటుంబం అమ్హెర్స్ట్ అనే కొత్త ఊరికి చేరింది. జడ్సన్ దౌత్య బృందంతో మళ్లీ ఆవాకు వెళ్లిన సమయంలో, 1826 అక్టోబరు 24న, ఆన్ జ్వరంతో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 36 ఏళ్లు. ఆఖరి ఘడియల్లో భర్త పక్కన లేడు. 17 నెలలు అతన్ని విడవకుండా వెదికిన ఆమెను, ఆ రోజు వెదికి రాగలిగిన దగ్గరివారు లేరు. హోపియా చెట్టు కింద సమాధి చేశారు. ఆరు నెలలకు మరియా కూడా తల్లి పక్కకు చేరింది. దిండులో దాగిన ఆ పని మాత్రం ఆగలేదు. 1834లో జడ్సన్ బర్మా భాషలో బైబిలు అనువాదం మొత్తం పూర్తి చేశాడు. మయన్మార్ విశ్వాసులు నేటికీ ఆ అనువాదం చదువుతున్నారు.

మన ఊరి జైలు వాకిట

ఆన్ జడ్సన్ జీవితంలో మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ 17 నెలల్లో ఆమె సభలు పెట్టలేదు, బోధించలేదు. అన్నం మోసింది, వాకిళ్ల ముందు నిలబడింది, ఎక్కడున్నాడని అడిగింది, మళ్లీ అడిగింది. మిషనరీ పని ఆగిపోయిందని ఎవరైనా అనుకోవచ్చు. ప్రభువు లెక్కలో అది ఆగలేదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తీర్పు దినాన రాజు అడిగే ప్రశ్నల్లో, చెరలో ఉన్నవాని దగ్గరకు వెళ్లామా లేదా అన్నది ఒకటి. మనం జైల్లో ఎంత చక్కగా ప్రసంగించామన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు.

ఇక్కడ మన మనసులో ఒక అభ్యంతరం లేస్తుంది. జడ్సన్ నిర్దోషి. మన ఊరి జైల్లో ఉన్నవాడు నిజంగానే తప్పు చేసి ఉండవచ్చు కదా? చేసి ఉండవచ్చు. కానీ ప్రభువు ఆ మాటలో నిర్దోషి అయిన ఖైదీ అని, దోషి అయిన ఖైదీ అని విడదీయలేదు. తీర్పు చెప్పడానికి కోర్టు ఉంది. వెళ్లి చూడటం మన వంతు. పైగా మన దేశంలో 2022 చివరి నాటికి జైళ్లలో ఉన్న సుమారు 5,73,000 మందిలో 4,34,000 మందికి పైగా విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. వారిని మన నోటితో ముందే దోషులను చేయడం అన్యాయం.

నేరానికి గురైన కుటుంబం కూడా మన సంఘంలోనే ఉండవచ్చు. వారి కన్నీళ్లను పక్కనపెట్టి ఖైదీ దగ్గరకు పరుగెత్తమని మేము చెప్పడం లేదు. కాపరి రెండు ఇళ్లకూ వెళ్లాలి. ఒక ఇంటికి వెళ్లినంత మాత్రాన రెండో ఇంటికి ద్రోహం చేసినట్టు కాదు.

వెదికే దారి ఆన్ కాలంలో ఉన్నంత చీకటిగా ఇప్పుడు లేదు. ఒక వ్యక్తిని అరెస్టు చేస్తే ఆ సంగతి, ఎక్కడ ఉంచారన్న సంగతి బంధువులకో, స్నేహితులకో పోలీసులు తెలియజేయాలి. ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. రిమాండుకు పంపితే ఏ జైలుకు పంపారో కోర్టు కాగితాల్లో ఉంటుంది. వకీలును గానీ, కోర్టు సిబ్బందిని గానీ అడిగి తెలుసుకోవచ్చు. ములాఖత్‌కు ముందుగా పేరు నమోదు చేసుకోవడానికి ఈ-ములాఖత్ అనే ఏర్పాటు కూడా ఉంది. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. ఇవి చదువుకున్నవారికి చిన్న సంగతులు. ఆసిఫాబాద్ అడవి పల్లె నుంచి వచ్చిన తల్లికి కొండంత పనులు. సంఘంలో ఒక యువకుడు ఆమె పక్కన కూర్చుని ఆ వివరాలు నింపిపెడితే, ఒక పూట ఆమెతో పాటు బస్సెక్కితే, అది ఒనేసిఫోరు చేసిన పనే.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలకు మరో వేదన ఉంది. ఇక్కడి నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు పొట్ట చేతపట్టుకుని పోతారు. వారిలో కొందరు భాష రాని దేశంలో జైలు పాలవుతారు. సిరిసిల్ల ప్రాంతపు కూలీలు కొందరు దుబాయ్ జైలులో 18 ఏళ్లు గడిపి, 2024లో ఇంటికి చేరిన సంగతి మనకు తెలుసు. పరాయి దేశపు చెరలో ఉన్న జడ్సన్ కథ ఈ ఇళ్లకు కొత్తగా చెప్పనక్కర లేదు. అలాంటి వారి ఆచూకీ కోసం అక్కడి భారత రాయబార కార్యాలయాన్ని అడగవచ్చు. విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఒకసారి జవాబు రాకపోతే ఊరుకోకూడదు. మళ్లీ రాయాలి, మళ్లీ అడగాలి.

జైలుకు వెళ్లినవాని ఇల్లు ఊళ్లో ఒంటరిదైపోతుంది. ఆదివారం ఆరాధనలో ఆ భార్య వెనక బల్ల మీద కూర్చుని, ముగింపు ప్రార్థన కాకముందే లేచి వెళ్లిపోతుంది. ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని సిగ్గు. ఎవరూ ఏమీ అడగరేమోనని దుఃఖం. ఒనేసిఫోరు సంకెళ్లను చూసి సిగ్గుపడలేదని పౌలు ప్రత్యేకంగా ఎందుకు గుర్తుచేసుకున్నాడో అప్పుడు మనకు అర్థమవుతుంది. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం బంధకాల్లో ఉన్నవారి పక్కనే మనమూ కట్టబడి ఉన్నామన్న తలంపుతో వారిని జ్ఞాపకం చేసుకోమంటుంది. ప్రార్థనలో పేరు చెప్పడంతోనే జ్ఞాపకం పూర్తికాదు. ఆన్‌కు జ్ఞాపకం అంటే పడవ, ఎడ్లబండి, దుమ్ము దారి, మళ్లీ నాలుగు మైళ్లు.

మన సంఘంలో ఎవరి కొడుకు, ఎవరి భర్త, ఎవరి కూతురు ఇప్పుడు జైల్లో ఉన్నారో మనకు తెలుసా? ఏ జైల్లో ఉన్నారో, చివరిసారి ఎవరు వెళ్లి చూశారో తెలుసా? తెలియకపోతే, ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఆ వెనక బల్ల దగ్గరకు వెళ్లి మెల్లగా అడుగుదాం. జవాబు తెలిసిన వెంటనే ములాఖత్ రోజు ఏదో కనుక్కుందాం. మనల్ని వెదికి వచ్చిన రక్షకుని పిల్లలం మనం. దారి తప్పిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటిని విడిచి వెళ్లిన ఆ కాపరి, నేడు చెరసాల వాకిట మన కోసం ఎదురుచూస్తున్నాడు.